ధరలో కనబడవలసిన ఆశయం
(కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు స్మారక ఉపన్యాసం)

దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిని మనం పత్రికా సంపాదకుడిగా, విశ్వదాతగా, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన కాంగ్రెస్ నాయకుడిగా, 1937లో శ్రీబాగ్ ఒడంబడికకు తన ఇంటినే వేదిక చేసిన పెద్దమనిషిగా తలుచుకుంటాం. వీటన్నిటికీ ఆధారమైన ఇంకొక సంగతిని మాత్రం త్వరగా దాటేస్తాం. ఆయన వ్యాపారి. సరుకు తయారుచేసి, ధర కట్టి, ఊరూరా అమ్మి, లెక్క తేల్చుకున్న మనిషి. ఆ సంపాదనే లేకపోతే ఆయన దానానికి గాని, పత్రికలకు గాని వనరు ఉండేది కాదు.

ఈ రోజు నేను ఆ వ్యాపారి వైపు నుంచి మాట్లాడదలిచాను. కారణం ఉంది. మన పట్టణాల్లో ఇప్పుడు ఒక కొత్త ఉత్సాహం కనబడుతోంది. బాగా చదువుకున్నవాళ్లు, స్థిరమైన ఉద్యోగాలు ఉన్నవాళ్లు కూడా తమకిష్టమైన పనిని చిన్న వ్యాపారంగా మార్చుకుంటున్నారు. చిరుధాన్యాల వంటకాలు, గానుగ నూనెలు, చేనేత బట్టలు, పిల్లల పుస్తకాలు, మట్టిపాత్రలు, నాటు విత్తనాలు ఇలా ఎన్నో. అమ్మకంతో పాటు ఒక మేలు కూడా చేస్తున్నామని వారి నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. గౌరవిస్తాను కాబట్టే దాన్ని పరీక్షకు పెట్టాలంటాను. నేను చెప్పదలచుకున్నది ఒక్క మాట: ఇష్టం వ్యాపారాన్ని మొదలుపెట్టగలదు గాని నిలబెట్టలేదు. ఆశయం సరుకులోకి, ధరలోకి, యాజమాన్యంలోకి చేరినప్పుడే ఆ వ్యాపారం నిలుస్తుంది, చెప్పుకున్న మేలు చేస్తుంది. ఈ మూడింటిలోనూ అసలు పరీక్ష ధర దగ్గర జరుగుతుంది. దీన్ని అంచెలంచెలుగా మీ ముందు పెడతాను.

1. పంతులుగారి ఏర్పాటు

కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన నాగేశ్వరరావుగారు బతుకుతెరువు కోసం బొంబాయి చేరారు. 1893లో అక్కడ అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. తలనొప్పికీ ఒంటినొప్పులకూ రాసుకునే ఆ లేపనాన్ని సంగీత సభల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారని చెబుతారు. అదే బొంబాయిలో 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించారు. 1914లో దాన్ని మద్రాసుకు తరలించి దినపత్రిక చేశారు. 1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలుపెట్టి, ఆయన మరణంతో ఆగిపోయిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని కూడా మళ్లీ చేపట్టారు. ఈ సంవత్సరాలను వరుసగా చదివితే ఒక పద్ధతి తేటతెల్లంగా కనబడుతుంది. మందు ముందు వచ్చింది. అది నిలదొక్కుకున్నాకే వారపత్రిక, ఆ పైన దినపత్రిక, ఆ తర్వాతే సాహిత్య మాసపత్రిక, పుస్తకాలు. రాబడి ఇచ్చే పని ఒకటి, మనసుకు నచ్చిన పని మరొకటి. మొదటిది రెండోదాన్ని మోసింది.

ఈ ఏర్పాటులో గొప్ప వివేకం ఉంది. తెలుగు చదివేవారు తక్కువగా ఉన్న కాలంలో, పుస్తకం కొనగలిగినవారు ఇంకా తక్కువగా ఉన్న కాలంలో, అచ్చు ఖర్చంతా పాఠకుడి మీద వేస్తే గ్రంథమాల అందుకోదగిన ధరకు అందేది కాదు. తలనొప్పికి భాషాభేదం లేదు. బొంబాయిలో, మద్రాసులో, ఎక్కడ అమ్ముడైనా దాని లాభం తెలుగు అక్షరానికి చేరింది. అయితే ఇందులోనే ఒక బలహీనత కూడా ఉందని వినయంగా మనవి చేస్తున్నాను. అమృతాంజనం కొన్నవారికి భారతి గురించి తెలియనక్కర్లేదు. భారతి నడవకపోయినా అమృతాంజనం అమ్మకాలు ఆగవు. అంటే ఆశయం సరుకుకు వెలుపల, యజమాని హృదయంలో ఉంది. 1938లో పంతులుగారు కన్నుమూశాక, అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారికి కూడా అదే ప్రేమ ఉండడం తెలుగువారి అదృష్టం. పత్రికలు మరో అర్ధశతాబ్దం నడిచాయి. 1991లో ఆంధ్రపత్రిక, భారతి రెండూ ఆగిపోయాయి. అమృతాంజనం ఈ రోజుకీ దుకాణాల్లో దొరుకుతోంది. తన కాలంలో చేయగలిగిన దానికంటే ఎక్కువే చేసిన మహనీయుణ్ణి తప్పుపట్టడం కోసం ఈ మాట చెప్పడం లేదు. నేటి చిన్న వ్యాపారి ఎదుర్కోవలసిన ప్రశ్న ఆ చరిత్రలోనే ఉందని చూపడం కోసం చెబుతున్నాను. మోసే సరుకు ఒకటి, మోయించుకునే ఆశయం ఒకటి అయినప్పుడు, మోసే చేయి మారిన రోజున ఆశయం గతేమిటి?

2. ఎవరి అవసరం?

ఇష్టం అనేది మొదట మన సొంత విషయం. నాకు వంట ఇష్టం, నాకు బొమ్మలు చేయడం ఇష్టం అన్నంత మాత్రాన ఎదుటివారు డబ్బు ఇవ్వవలసిన బాధ్యత ఏర్పడదు. ఆ ఇష్టం ఇంకొకరి అవసరం వైపు తిరిగినప్పుడే వ్యాపారానికి అర్థం వస్తుంది. దీనికి తెలంగాణలోనే ఒక చక్కటి ఉదాహరణ ఉంది. యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం గారి కథ మీలో చాలామందికి తెలుసు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన జీవితం సినిమాగా కూడా వచ్చింది. పోచంపల్లి పద్ధతి చీర నేయాలంటే చిటికి కట్టి రంగు అద్దడానికి ముందు ఆసు పోయాలి. దారాన్ని ఒక వైపు మేకు నుంచి అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల వరకు అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అలా తిరగాలి, నాలుగైదు గంటలు పడుతుంది. నేత ఇళ్లలో ఈ పని ఆడవాళ్లదే. భుజాలు, మోచేతులు అరిగిపోయే పని. తల్లి లక్ష్మమ్మ గారి నొప్పి చూసి మల్లేశం గారు యంత్రం కోసం తపించారు. బడి చదువు మధ్యలోనే ఆగిన మనిషి, హైదరాబాదులో కూలి పనులు చేసుకుంటూ, ఒక్కొక్క భాగం తయారుచేసుకుంటూ 1999లో దాన్ని పూర్తిచేశారు. లక్ష్మీ ఆసు యంత్రం అని తల్లి పేరే పెట్టారు.

విద్యార్థులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. యంత్రాల మీద ఆసక్తి ఉన్న యువకులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మల్లేశం గారి ప్రత్యేకత ఆసక్తి ఒక్కటే అయితే ఆ యంత్రం ఆయన ఇంట్లో ఒక వింతగా మిగిలేది. ఆయన ఆసక్తికి ఒక చిరునామా ఉంది: ఆసు పోసే స్త్రీ భుజం. ఆ భుజానికి ఉపశమనం రాకపోతే యంత్రం ఎంత తెలివైనదైనా విఫలమైనట్టే. వచ్చింది కాబట్టి పక్కింటి నేతగాడు, పక్క ఊరి నేతగాడు డబ్బు పెట్టి కొన్నారు. నాకు ఏది ఇష్టం అని ఎన్నాళ్లయినా ఆలోచించుకోవచ్చు, దానికి తేలే జవాబు ఉండదు. నా పని వల్ల ఎవరికి ఏ కష్టం తగ్గుతుంది అని అడిగితే జవాబును వెళ్లి చూసుకోవచ్చు. తగ్గిందో లేదో ఆ మనిషే చెబుతుంది.

3. సరుకులోనే ఆశయం

పంతులుగారి ఏర్పాటులో ఆశయం సరుకు పక్కన ఉందన్నాను. మల్లేశం గారి యంత్రంలో అది సరుకులోనే ఉంది. ఒక్క యంత్రం అమ్ముడైతే ఒక్క ఇంట్లో ఆసు కష్టం తగ్గుతుంది. అమ్మకం వేరు, సేవ వేరు అని విడదీయడానికి వీలులేదు. ఇలాంటిదే ఇంకో ఉదాహరణ అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాక. అక్కడి లక్కబొమ్మలు మనందరికీ తెలుసు. అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్కను ఆనించి, ఆ రాపిడి వేడికి కరిగిన లక్క కర్రకు పట్టేలా చేస్తారు. రసాయన రంగులు చవకగా వచ్చాక పాత చెట్టు రంగుల పరిజ్ఞానం మరుగున పడిపోయింది. ఆ ఊరివారైన సి.వి. రాజుగారు పసుపు, నీలి, జాఫ్రా వంటి వాటి నుంచి రంగులు తీసే పద్ధతులను మళ్లీ వెతికి, ప్రయోగాలు చేసి, కళాకారులతో కలిసి వాడుకలోకి తెచ్చారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజుగారికి పద్మశ్రీ ఇచ్చారు.

ఈ పనిలో ఆశయం ఎక్కడుందో చూడండి. పసిపిల్ల బొమ్మను నోట్లో పెట్టుకుంటుంది. రంగు హానికరమైనదైతే బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఆ పిల్లకు కీడే. చెట్టు రంగు వాడడం వల్ల బొమ్మ సురక్షితమైంది, దాన్ని కోరి కొనేవారు దూరదేశాల్లోనూ దొరికారు, తరిణి పట్టేవాడికి పని దొరికింది. ఇందులో ఏ ఒక్కదాన్నీ తీసేసి మిగతావి ఉంచుకోలేం. ఖర్చు కలిసొస్తుందని రేపు ఎవరైనా రంగు మార్చారనుకోండి, ఆ సరుకే మారిపోతుంది, దాన్ని కోరి వచ్చిన కొనుగోలుదారు వెళ్లిపోతాడు. అంటే ఆశయానికి ద్రోహం చేస్తే వ్యాపారానికి నష్టం వస్తుంది. ఇలాంటి అమరిక ఉన్నచోట యజమాని మంచితనం మీదే అంతా ఆధారపడనక్కర్లేదు. లాభంలో పదో వంతు దానం చేస్తామనే వ్యాపారానికీ దీనికీ తేడా ఇదే. ఆ పదో వంతు గడ్డు సంవత్సరంలో మొట్టమొదట కోతపడే ఖర్చు. సరుకులో కలిసిన మేలును అలా కోయడం కుదరదు.

4. ధర చెప్పే నిజం

ఇప్పుడు నా వాదంలోని ముఖ్యమైన భాగానికి వస్తున్నాను. చాలా చిన్న వ్యాపారాలు సరుకు విషయంలో నిజాయితీగానే ఉంటాయి. దెబ్బతినేది ధర దగ్గర. గానుగ నూనెనే తీసుకుందాం. పెద్ద మిల్లుతో పోలిస్తే కట్టెగానుగ నెమ్మదిగా తిరుగుతుంది, అవే గింజల నుంచి తక్కువ నూనె వస్తుంది, మనిషి దగ్గరుండి చూసుకోవాలి. కాబట్టి లీటరు ఖరీదు ఎక్కువ కాక తప్పదు. ఇష్టంతో మొదలుపెట్టినవారు ఆ ఖరీదు నోరు తెరిచి చెప్పడానికి మొహమాటపడతారు. గింజల ధర వేస్తారు, సీసా ధర వేస్తారు, కరెంటు వేస్తారు. తమ కూలి మాత్రం వేసుకోరు. ఇంట్లో భార్యో, తల్లో కూర్చుని సీసాలు నింపి, చీటీలు అంటించి, మూటలు కట్టిన గంటలకు విలువ కట్టరు. మనకిష్టమై చేస్తున్నాం గదా అంటారు. ఆ మాటతో ఒక తప్పుడు లెక్క మొదలవుతుంది. రెండు మూడేళ్లు పొదుపు డబ్బు, ఇంటివారి శ్రమ ఆ లోటును కప్పిపుచ్చుతాయి. ఆ తర్వాత దుకాణం మూతపడుతుంది. జనానికి మంచి సరుకు అక్కర్లేదన్న నిష్ఠూరం మిగులుతుంది. జనం తప్పు ఎంత ఉందో గాని, సరుకు అసలు ధర ఎంతో జనానికి ఎవరూ చెప్పనేలేదు.

ఇది కొత్త జబ్బు కాదు. ఆసు పోసిన ఆడవాళ్ల సంగతే చూడండి. పోచంపల్లి చీర ఖరీదులో పట్టు ఉంది, రంగు ఉంది, మగ్గం మీద కూర్చున్నవాడి మజూరీ ఉంది. మగ్గం ఎక్కకముందు ఇంటి ఆడవాళ్లు చేసిన చాకిరీకి విడిగా లెక్క ఉండేది కాదు. లెక్కలో లేని శ్రమను తగ్గించాలని వ్యాపారికి గాని, వ్యవస్థకు గాని ఎప్పటికీ అనిపించదు, ఎందుకంటే దానివల్ల వాళ్లకు పైసా మిగలదు. ఒక కొడుక్కి అనిపించింది. ఆశయం గల వ్యాపారం అని చెప్పుకునేవారు, ఏ శ్రమను ఇన్నాళ్లూ ఎవరూ లెక్కించలేదో దాన్ని ముందుగా చిట్టాలో రాయాలి. రైతుకు ఎంత, పనివాడికి ఎంత, ఇంటివారికి ఎంత, తనకు ఎంత అని విడివిడిగా రాసి, ఆ మొత్తంతో ధర కట్టాలి. అలా కట్టిన ధర మార్కెట్టులో నిలవకపోతే రెండే దారులు. సరుకునో, పద్ధతినో మార్చి ఖర్చు తగ్గించాలి, లేదా పంతులుగారిలా ఇంకో రాబడి నుంచి ఆ లోటు భర్తీ చేస్తున్నామని ఒప్పుకుని చేయాలి. రెండూ గౌరవప్రదమైనవే. ఇంటివారి రెక్కల కష్టంతో లోటు పూడ్చి, దాన్ని ఆశయం అని పిలవడం మాత్రం అన్యాయం.

ధరలో ఇంకో చిక్కు ఉంది. ఆశయం గల వ్యాపారి తరచుగా రెండు మాటలు ఒకేసారి ఇస్తాడు. రైతుకు, చేతిపనివాడికి ఎక్కువ ఇస్తానంటాడు. కొనేవాడికి తక్కువకే ఇస్తానంటాడు. మధ్య దళారులు లేకపోతే కొంతవరకు రెండూ సాధ్యమే. అయితే దళారులు చేసే పని కూడా పనేనని, సరుకు నిల్వ ఉంచడం, అరువు ఇవ్వడం, అమ్ముడుపోని సరుకు నష్టం భరించడం ఇప్పుడు తన నెత్తిన పడిందని త్వరలోనే తెలుస్తుంది. అప్పుడు ఈ రెండింటిలో దేనికి పెద్దపీట వేయాలో తేల్చుకోవలసిందే. నేతగాడి మజూరీయే ఆశయమైతే బట్ట ధర పెరుగుతుంది, కొనగలిగినవారు తగ్గుతారు. పేదపిల్లలకు పుస్తకం చేరడమే ఆశయమైతే ధర దిగాలి, రాబడి ఇంకోచోట నుంచి రావాలి. ఏది ఎంచుకున్నా సరే, ఎంచుకున్నట్టు బాహాటంగా చెప్పాలి.

5. చిన్నగా ఉండడం లోపం కాదు

వ్యాపారం మంచిదైతే పెరగాలి గదా, చిన్నగానే ఉంటే దానివల్ల ఎంతమందికి మేలు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దీనికి పత్తి చరిత్ర మంచి జవాబు ఇస్తుంది. పత్తిని బేళ్లుగా గట్టిగా నొక్కి కట్టే పద్ధతి, మన దేశపు దూదిని ఓడల్లో లాంకషైర్ మిల్లులకు చేరవేయవలసిన అవసరం నుంచి పెరిగింది. పత్తి చేను, వడికే చోటు, నేసే మగ్గం ఒకే ప్రాంతంలో ఉన్నప్పుడు అంతలా నొక్కడం, మళ్లీ విప్పి విడదీయడం వృథా శ్రమ. అయినా మన నూలు మిల్లులు ఆ పద్ధతి మీదే స్థిరపడ్డాయి. చేనేతగాడు ఎక్కడో పెద్ద మిల్లులో తయారైన నూలు కోసం, దాని ధరల హెచ్చుతగ్గుల కోసం ఎదురుచూసే పరిస్థితి వచ్చింది. హైదరాబాదుకు చెందిన ఉజ్రమ్మ గారు, ఆమె సహచరులు మల్ఖా పేరుతో చేసిన ప్రయత్నం ఈ ముడిని విప్పడానికే. పత్తి పండే చోటుకు దగ్గరలో, బేళ్లు కట్టకుండా, చిన్న యంత్రాలతో నూలు తీసి, సహజ రంగులు అద్ది, చేమగ్గాల మీద నేయించడం ఆ పద్ధతి.

ఈ ప్రయత్నం విస్తృతిలో చిన్నదే కావచ్చు. అది లేవనెత్తిన విషయం చిన్నది కాదు. యంత్రం ఎంత పెద్దదిగా ఉండాలన్నది ప్రకృతి నిర్ణయించలేదు. ఏదో ఒక కాలంలో ఎవరి సౌకర్యం కోసమో నిర్ణయమైంది. కాబట్టి మార్చవచ్చు. మార్చగలమని చేసి చూపించడానికి చిన్న సంస్థే కావాలి. పెద్ద మిల్లుకు తన పద్ధతిని తానే ప్రశ్నించుకునే అవసరం రాదు. ఇక మేలు విస్తరించడం గురించి. ఒకే సంస్థ వెయ్యింతలు పెరగడం ఒక మార్గం, ఒకే పద్ధతి వెయ్యి ఇళ్లకు చేరడం ఇంకో మార్గం. ఆసు యంత్రం రెండో మార్గంలో వెళ్లింది. మల్లేశం గారు నేతగాళ్లందరినీ ఒక పెద్ద షెడ్డులోకి తెచ్చి జీతగాళ్లను చేయలేదు. యంత్రం వాళ్ల ఇంటికి వెళ్లింది, మగ్గం మీద హక్కు వాళ్లదే అయింది. జె.సి. కుమారప్ప గారు గ్రామ పరిశ్రమల గురించి చెప్పిన ఆలోచనల్లో ప్రధానమైనది ఇదే: ఉత్పత్తి పెరగాలి, దాంతో పాటు ఉత్పత్తి చేసే మనిషి స్వతంత్రం కూడా మిగలాలి. చిన్న వ్యాపారాన్ని ఎంత పెరిగింది అని మాత్రమే కొలిస్తే ఈ రెండో కొలత మన కంటికి ఆనదు.

6. అభ్యంతరాలు

నా వాదానికి మూడు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, ఇష్టాన్ని అమ్మకానికి పెడితే ఇష్టమే చచ్చిపోతుందని. పాట పాడేవాడు కచేరీల లెక్క చూసుకుంటూ పోతే పాట మిగలదని అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. ప్రతి ఇష్టమూ వ్యాపారం కానక్కర్లేదు. సాయంత్రం పూట మనశ్శాంతి కోసం చేసుకునే పనిని అలాగే ఉంచుకోవడం మంచిది. ఆ ఇష్టం ఇంకొకరి అవసరం తీర్చగలిగిందైతే మాత్రం, లెక్క దానికి శత్రువు కాదు. లెక్క లేని ఇష్టం అప్పుల్లో పడి ద్వేషంగా మారడమే ఎక్కువ. నెల తిరిగేసరికి అద్దె కట్టగలిగిన కుమ్మరికి మట్టి మీద ప్రేమ నిలుస్తుంది, కట్టలేని కుమ్మరికి ఆ సారె చూస్తేనే భయం పుడుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఇదంతా పొదుపు ఉన్నవారికి, ఓడిపోయినా వెనక్కి వెళ్లడానికి ఉద్యోగం ఉన్నవారికి కుదిరే పని, రెక్కాడితే గాని డొక్కాడని వారికి ఇష్టం, ఆశయం అనే మాటలు ఎక్కడివి అని. ఈ మాటను తోసిపుచ్చలేను. నష్టం భరించే శక్తి అందరికీ సమానంగా లేదు. ఒకరు రెండేళ్లు రాబడి లేకుండా ప్రయోగం చేయగలరు, ఇంకొకరు రెండు వారాలు కూడా ఆగలేరు. కానీ ఎవరి అవసరం ఏమిటో దగ్గర నుంచి తెలిసింది ఎక్కువగా ఆ రెండోవారికే. ఆసు కష్టం ఇంజనీరింగు కాలేజీకి తెలియలేదు, నేత ఇంటి కొడుక్కి తెలిసింది. అందుకే నష్టాన్ని పంచుకునే ఏర్పాట్లు సమాజం చేయాలి. 2015 నుంచి ముద్రా రుణాలు ఉన్నాయి, అవి అవసరమే. కానీ అప్పు అప్పే, ప్రయోగం విఫలమైనా తీర్చవలసిందే. తొలి ప్రయోగానికి తిరిగి ఇవ్వనక్కర్లేని చిన్న సహాయం, వాడుకోవడానికి ఒక కార్ఖానా, సలహా చెప్పే ఒక పెద్దదిక్కు ఇంతకన్నా ఎక్కువ పనికొస్తాయి. ధర్మనిధులు స్థాపించే దాతలు ఈ సభలో ఉంటే, బహుమతులకు ఇచ్చే సొమ్ములో కొంత ఇటు మళ్లించమని కోరుతున్నాను.

మూడోది, ఆశయం అనేది ఇప్పుడు అమ్మకపు కిటుకుగా మారిపోయిందని. సీసా మీద ఒక రైతు బొమ్మ, ఒక ఊరి పేరు, రెండు మంచి మాటలు వేస్తే ధర రెట్టింపవుతోంది, అసలు నకిలీ తేల్చేదెలా అని అడుగుతారు. తేల్చే మార్గం ధర లెక్కే. ఆ రెట్టింపు ధరలో రైతుకు ఎంత పెరిగింది? తరిణి పట్టినవాడికి ఎంత పెరిగింది? చెప్పగలిగినవాడిని నమ్మవచ్చు. చెప్పడానికి ఇష్టపడని వాడి ఆశయం చీటీ మీదే ఉందని అనుకోవాలి. ఈ ప్రశ్న అడగడం కొనేవారి హక్కు. అడిగేవారు పెరిగితే నిజంగా చేసేవారికే మేలు, ఎందుకంటే వారి దగ్గర జవాబు ఉంటుంది.

7. తర్వాత ఎవరిది?

చివరి మెట్టు యాజమాన్యం. ఇష్టం ఒక మనిషితో పుట్టి ఆ మనిషితో పోతుంది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు చందమామను మొదలుపెట్టినప్పుడు అది పిల్లల కథల మీద ప్రేమ, అచ్చు పని మీద పట్టు కలిసిన సంస్థ. తరతరాల పిల్లలకు చదువు మీద రుచి పుట్టించింది. 2007లో అది ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతికి వెళ్లింది, 2013 నాటికి పత్రిక ఆగిపోయింది. దానికి కారణాలు అనేకం, కాలం మారడం కూడా అందులో ఒకటి. అయినా ఒక మాట చెప్పుకోక తప్పదు. లక్షల ఇళ్లు తమదిగా భావించిన పత్రిక, కాగితం మీద మాత్రం వాటాలు చేతులు మారే ఆస్తి. ఆగిపోతున్నప్పుడు ఆ పాఠకులకు గాని, రచయితలకు గాని, చిత్రకారులకు గాని మాట చెప్పే హక్కు ఎక్కడా రాసి లేదు.

అందుకే ఆశయాన్ని యాజమాన్య పత్రంలో కూడా రాసుకోవాలంటాను. దానికి మార్గాలు ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, ప్రభుత్వ జోక్యం తక్కువగా ఉండే సహకార సంఘాలకు దారి వేసింది. కంపెనీల చట్టానికి 2002లో చేసిన సవరణ, రైతులు, చేతిపనివారు తామే సభ్యులుగా ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవడానికి వీలు కల్పించింది. మేధోహక్కుల్లోనూ రెండు రకాలు ఉన్నాయి. పేటెంటు ఆవిష్కర్తది, దాని గడువు 20 ఏళ్లు. భౌగోళిక గుర్తింపు ఏ ఒక్కరిదీ కాదు, ఆ ప్రాంతంలో ఆ పని చేసే వారందరిదీ. ఏది తగినదో పనిని బట్టి ఉంటుంది. తపించి ఒక యంత్రం కనిపెట్టినవాడికి తన శ్రమ ఫలం అందాలి. తరాల పరిజ్ఞానం మీద నిలబడిన పనిలో ఆ తరాల వారసులకు వాటా ఉండాలి. వ్యాపారం గిట్టుబాటయ్యాక ఆలోచిద్దాంలే అనుకుంటే, అప్పటికి పంపకాల తగాదాలు మొదలవుతాయి. చేతిలో ఏమీ లేని మొదటి సంవత్సరంలోనే ఇది రాసుకోవడం సులువు.

8. ముగింపు మాట

మిత్రులారా, ఇంతవరకు చెప్పినదాన్ని మూడు విన్నపాలుగా కుదిస్తాను. మొదలుపెట్టబోయే యువతకు: మీ ఇష్టం ఎంత గాఢమైనదో చెప్పే వ్యాసం కన్నా, మీ సరుకు ధర ఎలా వచ్చిందో చెప్పే ఒక్క కాగితం ముందు రాయండి. అందులో మీ కూలి, మీ ఇంటివారి కూలి తప్పకుండా ఉండాలి. ఎవరి కష్టం తగ్గించాలని బయలుదేరారో ఆ మనిషికి ఆ కాగితం చూపించండి. పెద్ద సంస్థలకు, ప్రభుత్వ శాఖలకు: చిన్న వ్యాపారి దగ్గర కొన్న సరుకుకు 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం చెబుతోంది. ఎన్ని అవార్డులు ఇచ్చినా, బిల్లు ఆపితే ఆ చిన్న సంస్థ మూతపడుతుంది. కొనేవారమైన మనందరికీ: మంచి పని చేస్తున్నారని మెచ్చుకుని, చివర్లో బేరమాడి ఆ మంచికి మూలమైన కూలిని కోయకండి. ఆ ధర మనకు భారమైతే కొనకపోవడం తప్పు కాదు. కొంటే మాత్రం చెప్పిన ధర చెల్లించండి, ఆ డబ్బు ఎవరికి ఎంత చేరుతోందో అడగండి. అడిగేవారు, చెల్లించేవారు ఉన్న ఊళ్లోనే ఇలాంటి వ్యాపారాలు బతుకుతాయి.